ఎడమచేతి బంతికి ఎవరు నిలబడాలి

నాకు కోపం వస్తే ఎవరూ భయపడరు. ఇంట్లో అయితే కాఫీ కలిపి తెచ్చిస్తారు. ఆఫీసులో అయితే, మేడం ఇంకా టిఫిన్ తిన్నట్టు లేదే అంటారు. అందుకని ఈ కోపాన్ని రాసి పెడుతున్నాను. కాగితం కనీసం కాఫీ కలపదు.

నా ఉద్యోగం ఆడుకోవడం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది. ఆర్.ఎస్. పురంలో కింద చీరల దుకాణం, పైన మా ఆఫీసు. ఎక్కడో దూరదేశం వాళ్ళు తయారుచేసే బేస్‌బాల్ ఆటను మేము కంప్యూటర్ల ముందు కూర్చుని, తప్పులున్నాయేమో పరీక్షిస్తాం. ఆ ఆటలో మనం బంతి విసరం, బ్యాటు తిప్పం. ఒక జట్టును నడుపుతాం, అంతే. అవతలి జట్టును కంప్యూటరే నడుపుతుంది. దాన్ని మేము కంప్యూటర్ మేనేజరు అంటాం. అలా నాకు ఇద్దరు మేనేజర్లు, పెట్టె లోపల ఒకరు, బయట ఒకరు. లోపలివాణ్ణి సెలవు అడగాల్సిన పని లేదు కాబట్టి మొన్నటిదాకా వాడంటేనే నాకు ఎక్కువ ఇష్టం.

ప్రతి మ్యాచ్‌కూ ముందు వాడు తొమ్మిది మందిని ఎంచుకుని, ఎవరి తర్వాత ఎవరు బ్యాటు పట్టాలో వరుస కడతాడు. మొదట చూసేది, అవతలి జట్టులో బంతి విసిరే పిచ్చర్‌ది ఏ చెయ్యి అని. కుడిచేతికి ఒక వరుస, ఎడమచేతికి ఇంకో వరుస వాడి దగ్గర సిద్ధంగా ఉంటాయి. తర్వాత ఎవరు అలసిపోయారు, ఎవరి కాలు బెణికింది అని చూస్తాడు. అవుట్ కాకుండా ఎక్కువసార్లు బయటపడేవాణ్ణి ముందు పెడతాడు, గట్టిగా బాదేవాణ్ణి నడుమ పెడతాడు. మా ఇళ్ళలో పెళ్ళికి మొదటి పంక్తిలో ఎవరిని కూర్చోబెట్టాలని మా పెద్దమామ వేసే లెక్కకంటే ఇది శుభ్రమైన లెక్క. అలిగి లేచిపోయేవాళ్ళు ఉండరు.

వాడికి ఒక గట్టి నియమం ఉంది. ఎడమచేతి పిచ్చర్ వస్తే ఎడమచేతి బ్యాటర్‌ను కూర్చోబెట్టేస్తాడు. ఎడమచేతి బంతి ఎడమచేతి బ్యాటర్‌కు వీపు వెనకనుంచి వచ్చినట్టు వస్తుంది, కనిపెట్టడం కష్టం. సగటున ఇది నిజమే, నేను కాదనను. కానీ ఒక ఆటగాడు ఎడమచేతి బంతిని ఎలా ఆడతాడో వాడికి తెలియదనుకోండి. తెలియదు అని ఊరుకోడు. లోకంలోని సగటును తెచ్చి ఆ మనిషి నెత్తిన పెడతాడు. తెలియనప్పుడు తెలియదని చెప్పే అలవాటు లేకపోవడంలో వాడు మా వంశంలో మగవాళ్ళకు దగ్గరి చుట్టం.

దీన్ని నేను ఒకసారి ఆఫీసులో ఎత్తి చూపాను. ఆటగాణ్ణి కూర్చోబెట్టారు కాబట్టి అతని లెక్క పెరగదు, లెక్క పెరగలేదు కాబట్టి మళ్ళీ కూర్చోబెడతారు, ఇలా అయితే అతను లేచేది ఎప్పుడు అని రాశాను. దూరదేశం నుంచి జవాబు వచ్చింది. మేము కావాలనే అలా చేశాం, ఇది తప్పు కిందికి రాదు అని. నేను నోరు మూసుకున్నాను. లేని మనుషుల కోసం పోట్లాడి ఉన్న ఉద్యోగం పోగొట్టుకునేంత వీరనారిని కాను.

ఆ తర్వాత అలాంటివాడే ఇంకొకడు నిజంగా ఉన్న మనిషినే కూర్చోబెట్టాడు. మా అక్క కూతుర్ని.

ఆ పిల్ల సంగతి చెప్పాలంటే నా చెయ్యి సంగతి చెప్పాలి. నాది ఎడమచేతి వాటం. చేతివాటం అని మాత్రం పొరపడకండి, ఇంతవరకూ ఎవరి సొమ్మూ తాకలేదు. చిన్నప్పుడు ఎడమచేత్తో ముద్ద ఎత్తితే మా అమ్మ గరిటె నా వేళ్ళ మీద పడేది. పలకా బలపం కూడా ఆ గరిటె కిందే కుడిచేతికి మారాయి. అందుకే ఇప్పటికీ నా రాత చూసినవాళ్ళు ఇది తమిళమా తెలుగా అని అడుగుతారు. తరతరాలుగా తమిళదేశంలో ఉంటున్న తెలుగువాళ్ళం, బడిలో తమిళమే; తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక ఇంట్లో నేర్చుకున్నాను. గుండ్రంగా బంతుల్లా ఉంటాయి, నా చేతిలో పడి అవీ ఎటో దొర్లిపోతాయి. అయితే విసరడం అనే పనిని మా అమ్మ దిద్దలేదు. ఆడపిల్ల ఏదైనా విసురుతుందని ఆమెకు తోచి ఉండదు. కాబట్టి ఒంట్లో ఆ ఒక్క పని మాత్రం నా ఎడమచేతికే మిగిలింది.

అక్కావాళ్ళది కినత్తుకడవు దగ్గర కొబ్బరి తోపు. సెలవు దొరికితే నేను అక్కడే ఉంటాను. పిల్ల చిన్నగా ఉన్నప్పటినుంచి మా ఇద్దరి ఆట ఒకటే. రాలిపడిన కొబ్బరి పిందెలు ఏరి నేను విసిరేదాన్ని, అది మట్ట చెక్కి చేసిన బ్యాటుతో కొట్టేది. ఎవరూ చెప్పకుండానే ఎడమవైపు నిలబడి కొట్టేది. అప్పటికి మా అమ్మ చేతిలో గరిటెకు ఓపిక తగ్గిపోయింది. పిందెలు అయిపోయాక టెన్నిస్ బంతులు వచ్చాయి, తర్వాత తోలు బంతులు. కాలేజీలో చేరి బేస్‌బాల్ జట్టులోకి వెళ్ళాక కూడా సెలవుల్లో నా భుజం అరిగిందే కానీ దాని సరదా తీరలేదు. ఎడమచేతిలోంచి వచ్చే బంతిని ఆ పిల్ల చూసినట్టు ఈ జిల్లాలో ఎవరూ చూసి ఉండరు. కుడిచేతి బంతి దానికి ఇప్పటికీ కొంచెం పరాయిదే.

ఈ ఏడాదితో దాని చదువు అయిపోతుంది. ఆఖరి మ్యాచ్ తిరుమంగళంలో, మదురై జట్టుతో. రాష్ట్ర జట్టుకు ఎంపికచేసేవాళ్ళు ఆ ఒక్క మ్యాచ్ చూడడానికే వస్తున్నారు. ఎవరు ఆడితే వాళ్ళను చూస్తారు. అక్కడ కుదరకపోతే ఆ పిల్ల చేతికి మళ్ళీ బ్యాటు ఇచ్చేవాళ్ళు లేరు. మదురై జట్టు పిచ్చర్‌ది ఎడమచెయ్యి అని తెలిసినరోజు నేను ఇంట్లో పాయసం చేయించాను. ఆ మర్నాడే ఫోన్ వచ్చింది.

"చిన్నమ్మా, నేను బెంచీ."

"ఎవురు చెప్పినారు?"

"కోచ్ సార్ కాదు, సిస్టమ్. సార్ ల్యాప్‌టాప్‌లో ఒక ఆట పెట్టుకోనుండాడు. మా అందరి నంబర్లూ దాంట్లో పోసినాడు. మదురై పిల్లది ఎడమచెయ్యి అని టైపు కొట్టినాడు. నా పేరు తుర్రుమని కిందికి పోయింది."

"ఎడమచేతి బంతి నువ్వు బాగా కొడతావని చెప్పకూడదా?"

"చెప్తిని. ఎవురి బంతి కొట్టినావు, ఏ మ్యాచ్‌లో అని అడిగినాడు. మా చిన్నమ్మ బంతి, తోపులో అని ఎట్ల చెప్పేది? అందరూ ఆడనే ఉండారు. నవ్వరా?"

తర్వాత అది మెల్లగా అంది, "నీ ఆఫీసు ఆటేనా అది?"

మాది కాదు. మా ఆటకు దాయాది. కానీ తెలివితేటలు ఒకే ఇంటివి, తెలిసిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి సారును కలవడానికి బయలుదేరాను. మా అమ్మ గడపలో అడ్డం నిలబడింది. చేతిలో గుడ్డసంచి, నిండా టెంకాయలు.

"ఒక మనిషిని చూడను పోతా ఒట్టి చేతుల్తో పోతారా ఎవురైనా?"

"అమ్మా, అది కాలేజీ. చుట్టాలిల్లు కాదు."

"కాలేజీలో మనుషులు లేరా? వాళ్ళిండ్లలో చట్నీ రుబ్బరా?"

మా ఇళ్ళలో ఇది వాదించే విషయం కాదు. డాక్టరు దగ్గరికి పోతున్నా, చావు పలకరింపుకు పోతున్నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి. నేనూ సంచి పట్టుకుని బస్సెక్కాను. యంత్రాల్లో తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని, నా చేతిలోనే వేలాడుతున్న తప్పు నాకు కనబడలేదు.

సారు చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. కబడ్డీ, ఖోఖో, బేస్‌బాల్ అన్నీ ఆయన ఒక్కడే నేర్పుతాడు. గదిలో నెట్లు, బంతుల బుట్టలు, నడుమ బల్ల మీద ల్యాప్‌టాప్. మేము తమిళంలోనే మాట్లాడుకున్నాం, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. ఆయన ముందు నన్ను చూడలేదు, సంచిని చూశాడు. "చెప్పండి" అన్నది కూడా సంచికే అన్నట్టుంది.

"ఏ పిల్లకు మేడం?"

నేను పిల్ల ఎవరో చెప్పాను, నా ఉద్యోగం చెప్పాను, ఆ నియమం ఎలా పనిచేస్తుందో చెప్పాను. ఆయన ఓపికగానే విన్నాడు.

"అయితే ఈ నియమం తప్పంటారా?"

"తప్పు కాదు సార్. సగటున నిజమే."

"మరి?"

"మా పిల్ల సగటు కాదు సార్."

ఆయన నవ్వాడు. వెటకారం కాదు, అలిసిపోయిన నవ్వు. "మేడం, నా దగ్గరికి వచ్చేవాళ్ళ పిల్లలెవరూ సగటు కాదు. పోయినసారి ఒకాయన పట్టుచీర తెచ్చాడు, మా ఇంటావిడకట. ఇంకొకాయన కౌన్సిలరుతో ఫోన్ చేయించాడు. ఈ పెట్టె వచ్చాకే నేను మనశ్శాంతిగా అన్నం తింటున్నాను. దీనికి చుట్టాలు లేరు."

"నేనే బంతి వేస్తాను, మీరు ఒకసారి నిలబడి చూడండి సార్."

ఆయన నా చీరను చూశాడు, చెప్పులు చూశాడు. "పిన్నమ్మ విసిరితే పిల్ల కొడుతుంది మేడం. కొట్టకుండా ఎలా ఉంటుంది?"

నేను లేవబోతుంటే సంచి తీసి తనే నా చేతికిచ్చాడు. తర్వాత అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"నిజానికి ఆ పిల్ల విషయంలో నాకే కొంచెం సందేహం ఉండేది. ప్రాక్టీసులో చూశాను, చెయ్యి చురుకు. మీరు రాకుండా ఉంటే ఏమో, మార్చేవాణ్ణేమో. ఇప్పుడు మారిస్తే టెంకాయలకు మార్చాడంటారు."

బస్సులో నా కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. సంచి మీద, అది ఇచ్చిన అమ్మ మీద, మోసిన నా మీద. నాకు ముందు చీర మోసినవాళ్ళ మీద. దీనికి చుట్టాలు లేరు అన్న ఆ ఒక్క మాట మీద అన్నిటికంటే ఎక్కువ. ఎందుకు లేరు? దాన్ని రాసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళు చూసిన మ్యాచ్‌లు ఉన్నాయి, ఆ మ్యాచ్‌లు ఆడిన మగవాళ్ళు ఉన్నారు. అందులో లెక్కకు వచ్చినవాళ్ళంతా దాని చుట్టాలే. కినత్తుకడవులో కొబ్బరి మట్ట పట్టుకుని నిలబడిన పిల్ల ఒక్కతే దానికి పరాయిది. సిఫారసు అడగనివాడు న్యాయంగా ఉంటాడని ఎవరు చెప్పారు? వాడికి సిఫారసు ముందే అంది ఉండవచ్చు.

ఇంటికి వచ్చాక మా అమ్మ సంచి చూసింది.

"తీసుకోలేదా? పాతకాయ అనుకున్నాడేమో. ఆడించి చూపియ్యకూడదా, నీళ్ళు పలుకుతా ఉండాయే."

మ్యాచ్ రోజు ఆ సంచి మళ్ళీ నా భుజానికే వచ్చింది. ఇయ్యాలని ఇంట్లోంచి తీసిన కాయను తిరిగి ఇంట్లో వాడేది మా అమ్మ పద్ధతిలో లేదు. తిరుమంగళంలో ఏదైనా పిళ్ళయార్ గుడిలో వినాయకుడి ముందు కొట్టించి రమ్మంది. బస్సు ఆలస్యమై గుడి కుదరలేదు, సంచితోనే మైదానానికి వెళ్ళాను.

మదురై పిచ్చర్ పొడుగ్గా, సన్నగా, కొంగలా ఉంది. మా తొమ్మిది మందీ కుడిచేతివాళ్ళే, సిస్టమ్ ఏరి ఏరి పెట్టినవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి గాలిని కొట్టి వెళ్ళారు. మా పిల్ల బెంచీ మీద కూర్చుని ఒట్టి చేతుల్తో బ్యాటు తిప్పినట్టు తిప్పుతోంది. ప్రతి బంతికీ సరైన వేళకే తిప్పుతోంది. కంచె ఇవతలనుంచి, అది ఆడుతున్నట్టే, మా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

"చెయ్యి చూడొద్దు కన్నా, భుజం చూడు. భుజం ముందు తిరుగుతా ఉండాది, బంతి ఆనక వస్తాది."

తెలుగు అర్థమయ్యేవాళ్ళు ఇక్కడ ఎవరున్నారులే అని గొంతు పెద్దదే చేశాను. పిచ్చర్ ఒకసారి నా వైపు చూసి మళ్ళీ బంతిలో పడింది.

ఆట చివరికి వచ్చేసరికి మదురై పిచ్చర్ అలిసింది. మదురైవాళ్ళు ఆమెను తప్పించి కుడిచేతి పిచ్చర్‌ను తెచ్చారు. మా సారు ల్యాప్‌టాప్ వైపు వంగాడు. అది ఏం చెబుతుందో నాకు ఇక్కడినుంచే తెలుసు. కుడిచెయ్యి వచ్చింది, ఎడమచేతి బ్యాటర్‌ను పంపు. పంపాడు. నిమిషం ముందు దాకా ఏ బంతి కోసం అది పుట్టిందో ఆ బంతి మైదానం దాటి వెళ్ళిపోయాక, తనకు పరాయి అయిన బంతి ముందు నిలబెట్టాడు. పొద్దుటినుంచి కూర్చుని దాని కాళ్ళు బిగుసుకున్నాయి. కోపంతో చేతులు బిగుసుకున్నాయి. మొదటి బంతికి తొందరపడింది, రెండోదానికి ఆలస్యమైంది, మూడోది చూస్తూ నిలబడిపోయింది. ఈ ఆటలో మూడు తప్పితే అంతే. అవుట్.

మ్యాచ్ పోయింది. ఎంపికచేసేవాళ్ళు కుర్చీలలోంచి లేచి, చేతులు దులుపుకుని కారెక్కారు. ఆ పిల్ల గురించి వాళ్ళు చూసింది ఆ మూడు బంతులే. ల్యాప్‌టాప్ కూడా ఆ మూడింటినీ మింగి, చూశావా, నేను చెప్పలేదా అన్నట్టు వెలుగుతోంది.

నేను లోపలికి వెళ్ళేసరికి పిల్ల షూ లేసులు విప్పుతోంది. ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే నాకు సులువుగా ఉండేది. అంతలో పొడుగు పిచ్చర్ మా దగ్గరికి వచ్చింది.

"అక్కా, మీరు తెలుగువాళ్ళా?"

"అవును పాపా. నువ్వూనా?"

"మాది ఈడ పక్కనే, నల్లరేగడి చేలు. పత్తి ఏస్తాము. ఇంట్లో తెలుగే." కొంచెం నవ్వింది. "భుజం ముందు తిరుగుతా ఉండాదని మీరు అరిచిరే, అది నాకు ఇంతదాకా ఎవురూ చెప్పలేదు. అప్పుటినించి భుజం అణచుకోని ఏస్తిని. శానా తేంక్స్ అక్కా."

మా పిల్ల తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపు గురించి రాయను.

"చిన్నమ్మా, మన కోచ్‌కంటే వాళ్ళకే బాగా పనికొస్తివి."

ఆ తర్వాత పిచ్చర్ వైపు తిరిగింది. "నాకు నాలుగు బంతులు ఏస్తావా?"

"చెయ్యి నొస్తా ఉండాది." ఆమె భుజం రుద్దుకుంది. "సరి, దా. మెల్లగా ఏస్తా."

"మెల్లగా వద్దు."

జనం వెళ్ళిపోయిన మైదానంలో ఇద్దరూ నిలబడ్డారు. మొదటి బంతి వచ్చింది. భుజం అణచుకునే వేసింది. మా పిల్ల తొందరపడలేదు. బ్యాటుకు తగిలిన చప్పుడు వేరేగా ఉంది, మట్ట మీద పిందె తగిలినప్పటిలా ఒంటిగా, గట్టిగా. బంతి కంచె దాటి సీమతుమ్మ కంపలో పడింది. రెండోదీ అటే. మూడోదానికి పిచ్చర్ పంతం పట్టి మ్యాచ్‌లో కూడా వేయనంత వడిగా వేసింది. అదీ కంపలోకే పోయింది. ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని, "నిన్నెందుకే ఆడ కూసోబెట్టినారు?" అంది.

జవాబు చెప్పాల్సినవాడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. బంతుల బుట్ట ఒక చేతిలో, ల్యాప్‌టాప్ సంచి ఇంకో చేతిలో, సారు.

"ఇంకొకటి వేయమ్మా" అన్నాడు తమిళంలో. వేసింది. అది ఎక్కడ పడిందో కూడా కనబడలేదు.

ఆయన బుట్ట కింద పెట్టాడు. ల్యాప్‌టాప్ తెరవలేదు. కారెక్కి వెళ్ళినవాళ్ళలో ఒకరి నంబరు వెతికి, ఫోన్ స్పీకరులో పెట్టి, నుదురు తుడుచుకున్నాడు. అవతల హైవే మోత.

"సార్, చిన్న విన్నపం. కొంచెం వెనక్కి రాగలరా? మా జట్టులో ఒక పిల్లను మీరు సరిగా చూడలేదు. చివర్లో వచ్చి అవుట్ అయింది చూడండి, ఆ పిల్ల. తప్పు నాది సార్, ఎడమచేతి బంతికి దింపి ఉండాల్సింది. ఒక్కసారి చూస్తే చాలు."

అవతలివాడు, చెయ్యి తిరిగినవాడి గొంతుతో, మర్యాదగానే అడిగాడు.

"సరే సార్, ముందు ఇది చెప్పండి. ఆ పిల్ల ఎవరికి చుట్టం?"

సారు నన్ను చూశాడు. తర్వాత నా భుజానికి వేలాడుతున్న సంచిని చూశాడు. అటు మైదానంలో మా పిల్ల ఇంకొక బంతి అడుగుతోంది.